క్లిప్పు వేలికే ఉండిపోయింది

మా బావ కారు మెకానిక్కు. టర్బో బిగించిన ఇంజన్ ఏదైనా మొరాయిస్తే చుట్టుపక్కల షెడ్లవాళ్లందరూ ఆయన దగ్గరికే తోలేస్తారు. ప్రెషర్ గేజి పెట్టి చూస్తే తప్ప ఎవరి మాటా నమ్మడు కాబట్టి ఆయనకు గేజి అనే పేరు పడింది. పొయ్యి కట్టేశానని మా అక్క చెప్పినా సరే, లేచి వెళ్లి చూసొస్తాడు. కూతురు చిన్నగా ఉన్నప్పుడు కథలకు బదులు కార్బురేటర్లు చెప్పి నిద్రపుచ్చాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటి మనిషితో ఒకే షెడ్లో పనిచేయడం నా ఖర్మ కాక మరేమిటి?

ఆయన చెవినిల్లు కట్టుకుని పోరే సంగతి ఒకటుంది. టర్బో అనేది ఇంజన్లోకి గాలిని బలవంతంగా తోస్తుంది. ఆ గాలికి ఎదురు పెట్రోల్ చిమ్మాలంటే పెట్రోల్ ప్రెషర్ కూడా అంతే పెరగాలి. గాలి ఎంత పెరిగిందో, పెట్రోల్ ప్రెషర్‌ను పెంచే రెగ్యులేటర్‌కు చేరవేసేది ఓ సన్నటి రబ్బరు పైపు. అది ఊడినా మామూలుగా నడుపుతున్నప్పుడు ఏమీ తెలియదు. ఎత్తెక్కుతూ గట్టిగా తొక్కామా, పెట్రోల్ చాలక ఇంజన్ లోపల్లోపలే మాడిపోతుంది.

అయితే పెట్రోల్ ప్రెషర్ సరిచూసేటప్పుడు ఆ పైపును బావే పీకి, దాని మూతికి బోల్టు కుక్కాలి. మళ్లీ పెట్టడం మరిచిపోకుండా పైపు క్లిప్పును చిటికెన వేలికి తొడుక్కుంటాడు. అది వేలికి ఉన్నంతసేపు బండి తాళం ఎవరికీ ఇవ్వడు.

ఒకరోజు మాత్రం తాళం ఇచ్చింది మా అక్క. తండ్రీకూతుళ్లు కలిసి కట్టుకున్న కారది. కొండమీద ఉండే స్నేహితురాలి ఇంటికి మేనకోడలు మొదటిసారి ఒంటరిగా తీసుకెళ్తోంది. పొద్దున్నే బావ చివరిసారి ప్రెషర్ చూస్తుండగా ఎవరో ఫోన్ చేసి ఒక పట్టాన వదల్లేదు. మాట్లాడుతూనే బానెట్ మూసేసి వరండాలోకి నడిచాడు. బానెట్ మూశాడు కదా, పనైపోయిందనుకుని అక్క కూతురి చేతిలో తాళం పెట్టి పంపేసింది.

నేను వాళ్లింటికి చేరేసరికి, ఫోన్ పెట్టేసి చేతులకు సబ్బు రుద్దుకుంటూ బావ "అమ్మో!" అని ఒక్క కేక పెట్టాడు. వేలికి క్లిప్పు! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"దానికి ఫోన్ చెయ్యండి!" అంది అక్క.

"ఎత్తదే! నడిపేటప్పుడు ఫోన్ డిక్కీలో పడెయ్యమని నేనే చెప్పి చచ్చాను."

బావా, నేనూ నా పాత కారేసుకుని బయల్దేరాం.

"తొక్కరా, తొక్కు!" అంటాడు బావ.

"ఇంతకన్నా తొక్కితే నా కాలు రోడ్డు మీద పడుతుంది బావా. పోతే పిస్టన్లే కదా, మళ్లీ వేసుకుందాం."

"పిస్టన్లెవడికి కావాలిరా దద్దమ్మా! ఎత్తులో అది ఏ లారీనో దాటబోతుంది. సగం దాటాక ఇంజన్ పోతే? ఎదురుగా ఇంకో బండొస్తే?"

ఆ మాటతో హారన్ మీద పెట్టిన చెయ్యి మళ్లీ తియ్యలేదు.

కొండ రోడ్డు మొదట్లోనే, టైర్ల కొట్టు ముందు ఆ కారు ఆగి ఉంది. మేము పూర్తిగా ఆగకముందే బావ దూకేశాడు.

మేనకోడలు నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది. "పైపుకి బోల్టు కుక్కి పంపిస్తావా నాన్నా నన్ను?"

"నీకేం కాలేదుగా తల్లీ?"

"ఏమవుతుంది? లారీని దాటుదామని కొంచెం తొక్కాను. ముందున్న గేజీల్లో గాలి ప్రెషర్ ముల్లు లేస్తోంది, పెట్రోల్ ప్రెషర్ ముల్లు కదలట్లేదు. వెంటనే కాలు తీసేసి, లారీ వెనకే మెల్లిగా వచ్చి పక్కకాపాను."

హమ్మయ్య! నాకు ప్రాణం లేచొచ్చింది. బావ అక్కడున్న టైర్ల మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. "నేను బిగిస్తానమ్మా" అని లేవబోయాడు గానీ, ఆ పిల్ల కూర్చోమని గదమాయించి, క్లిప్పు లాక్కుని పైపు తనే బిగించుకుంది. స్టార్ట్ చేసి ముల్లు చూసుకుంది.

ఇక ఇంటికి పద అంటాడనుకున్నాను. అననే లేదు. నోటి దాకా వచ్చిందేదో మింగేసి, "వెళ్లిరా తల్లీ" అన్నాడు.

కారు పైకి సాగింది. పై మలుపులో ఇంకో లారీ మూలుగుతూ ఎక్కుతోంది. బావ నా భుజం పట్టుకుని ఊపిరి బిగబట్టాడు. కారు కుడికి తిరిగింది, ఇంజన్ ఒక్కసారి గొంతెత్తింది, లారీ వెనకబడింది.

"దాటేసిందిరా!" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. వీపు చుర్రుమంది. అయినా నేను కూడా నవ్వుతూనే ఉన్నాను.