జామాకు కొలత

నిన్న మాదాపూర్‌లో మనవరాలి ఆఫీసు ముందు కూర్చుని ఉంటే, ఆ పిల్ల తొట్టిలోని మొక్కకు ఫోను చూపించి, ఈ ఆకు వైశాల్యం ఇంత తాతా అని చెప్పింది. ముచ్చటపడాల్సింది పోయి నాకెందుకో ఒంట్లో సత్తువంతా దిగిపోయినట్టయింది.

డెబ్బైల్లో అక్కడ ఎరువుల ప్రయోగాలు చేసే పండ్ల తోట ఉండేది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రాళ్లగుట్టలూ సీతాఫలం పొదలూ తప్ప అటువైపు ఏముండేది గనక. మా మేనమామ అక్కడ మేస్త్రీ, నేను ఆయన కింద కూలీని. బడిలో నేర్వని గుణకారం ఆ తోట మట్టిలోనే పుల్లతో రాసుకుంటూ నేర్చుకున్నాను.

ఏ ఎరువుకు మొక్క ఎంత ఎదిగిందో తెలియాలంటే ఆకుల వైశాల్యం తెలియాలి. అందుకు ఆకులు తెంపి, గళ్ల కాగితం మీద పరిచి, చుట్టూ గీత గీసి గళ్లు లెక్కపెట్టేవాళ్లు. లేత జామ మొక్కను నడివేసవిలో అలా బోడిగా చేస్తే బతుకుతుందా? ఆ ప్రయోగాలు చూసుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన సారుకు కూడా అది నచ్చలేదు. ఆకును తెంపకుండానే పొడవూ వెడల్పూ కొలిచి హెచ్చించి, అందులో ముప్పాతిక వంతుకు కాస్త తక్కువ తీసుకుంటే చాలునన్నాడు. మొక్కకు కొన్ని ఆకులు కొలిచి సగటు తీసి, దాన్ని మొత్తం ఆకుల లెక్కతో హెచ్చించమని మామకు అప్పగించాడు.

లెక్కలు మరీ ఘనంగా వచ్చాయి. సారుకు పైనున్న పెద్దసారు నమ్మలేదు, పాత పద్ధతిలో మొక్కలన్నిటి ఆకులూ తెంపి చూపించమన్నాడు. సారు వచ్చి ఆరా తీస్తే తేలిందేమంటే, మామ ప్రతి మొక్కకూ నిగనిగలాడే పెద్ద ఆకులనే కొలిచాడు, చిన్నవీ ముడుచుకున్నవీ వదిలేశాడు.

“గవి గూడ ఆకులేనా సారూ, చూపిస్తే ఇజ్జత్ పోతది” అన్నాడు మామ.

“మేస్త్రీ గారూ, ఇవి పెళ్లిచూపులు కాదండీ” అన్నాడు సారు, నవ్వలేక నవ్వుతూ.

ఆయన పెద్దసారును బతిమాలి, ఒక్క మొక్కతో రుజువు చేస్తామని ఒప్పించాడు. ఏ మొక్కను బలివ్వాలో తేలక మామ రోజుల తరబడి వరుసల మధ్య తిరిగాడు, అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. చివరికి ఒకదాని దగ్గర ఆగాడు. దాని ఆకులు మంచీ చెడ్డా అన్నీ కొలిచాం. తెంపడానికి నేను చెయ్యి చాపితే ఆపేశాడు.

“నేనే తెంపుత. నా చేతుల పెరిగింది” అన్నాడు.

కొలతా గళ్లూ దాదాపు కలిశాయి. మిగిలిన మొక్కల జోలికి ఎవరూ రాలేదు. ఆ మోడుకు మాత్రం మామ వేసవంతా నీళ్లు పోశాడు, చిగురించలేదు.

తర్వాతి కాలంలో, కాపుకొచ్చిన ఆ చెట్లన్నిటినీ ఈ ఆఫీసుల కోసం యంత్రాలు ఒక్క పూటలో పెకలించి నేలను చదును చేశాయి. ఒక్క మొక్కను పోగొట్టడానికి అంత తర్జనభర్జన పడ్డ చోట, తోట మొత్తం పోతుంటే ఇది తగునా అని అడిగినవాడు లేడు. దాని మీద నాకు కోపం ఇప్పటికీ ఉంది. ఆ కోపాన్ని మోసే ఓపికే తగ్గిపోయింది.