నాన్నగారు ఎదుటిపక్షం తరఫున మాట్లాడిన రోజు

మా కొబ్బరితోటకి ముళ్ళకంచె పడ్డ ఏడాది నేను డిగ్రీ పరీక్షలు రెండోసారి రాస్తున్నాను. ఇంట్లో వాళ్ళ బాధ మొత్తం నా ఒక్కడి మీదే పడకుండా ఆ కంచె కొంత పంచుకుంది.

అల్లవరం దాటేక, సముద్రం వైపు మా తోట. దాని వెనక చేపలు పట్టేవాళ్ళ పేట. పేట ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని మా తోటలోంచే రోడ్డెక్కేవారు. బొండాలు పోతున్నాయని నాన్నగారు ఆ దారి మూసేసేరు. ఇక వాళ్ళు మురుగుకాలవ చుట్టూ తిరిగి వెళ్ళాలి. సంతకి చేరేసరికి ఎండకి చేప మెత్తబడిపోయేది. రెండుసార్లు కంచె తెగింది. రెండోసారి నాన్నగారు కర్ర పట్టుకుని వెళ్ళేరు. అక్కడ ఎవరూ లేరు. కర్ర పట్టుకునే తిరిగొచ్చేరు. దాన్ని మా అమ్మ ఇప్పటికీ యుద్ధం అనే అంటుంది.

అమలాపురంలో రెవెన్యూ అధికారి రెండు పక్షాల్నీ పిలిచేరు. ఒప్పందం ముందే టైపు చేయించి ఉంచేరు. పేట పెద్ద అంతా విని, "పేటలో కూర్చుని చెప్తామండీ" అని లేచెళ్ళిపోయేడు.

"చూసేరా పొగరు," అన్నారు నాన్నగారు.

అధికారి మాత్రం గుమాస్తా వైపు తిరిగి, "పేటలో ఎలా కూర్చుంటారయ్యా?" అని అడిగేరు. గుమాస్తాది ఆ పక్క ఊరే. అక్కడ తగువులో ఎవరి గోడు వాళ్ళు చెప్పుకోరట. ఎదుటివాడి గోడు మనం చెప్పాలి. వాడు "అదే" అనేదాకా తగువు ముందుకి కదలదట.

మర్నాడే అధికారి ఆ కాగితం పక్కన పెట్టేసేరు. వారం తిరక్కుండా అందరం పేటలో, ఇసకలో పరిచిన పాత తెరచాప మీద కూర్చున్నాం. అధికారి కూడా బూట్లు విప్పేసేరు.

"మా మాట మీరు చెప్పండి బాబూ," అన్నాడు పెద్ద.

నాన్నగారు గొంతు సవరించుకుని, "వీళ్ళకి నా తోటలో తిరగడం సరదా," అన్నారు.

"కాదండీ."

"దగ్గర దారి కావాలి."

"ఇంకా ఉందండీ."

నేను నవ్వాపుకోడానికి సముద్రం వైపు తిరగాల్సొచ్చింది. ఒక ముసలావిడ చేపల తట్ట తెచ్చి నాన్నగారి ముందు పెట్టి, "కాస్త ఎత్తి చూడండి బాబూ," అంది. ఆయన సగం ఎత్తి దించేసేరు. మళ్ళీ పెద్ద వైపు తిరిగేరు.

"ఈ బరువుతో కాలవ చుట్టూ తిరగాలి. ఈలోగా చేప పాడవుతుంది. ఆ పూట వీళ్ళింట్లో పొయ్యి వెలగదు."

"ఆయ్, అదేనండి," అందావిడ.

తర్వాత పేట పెద్ద వంతు. "చెట్లని ఆయన పిల్లల్లా పెంచుకున్నారు. మా కుర్రాళ్ళు బొండాలు దింపేసేరు. అడిగితే మేం కాదన్నాం. బొండాలు పోయినందుకన్నా, మా అబద్ధానికే ఆయనకి ఎక్కువ మండింది."

నాన్నగారు కదల్లేదు. నేను మోచేత్తో పొడిచేను.

"అదే," అన్నారు, ఇసక చూస్తూ.

కాగితం ఆ తర్వాతే రాసేరు. కంచెకి తలుపు, తలుపుకి తాళం ఉండదు, బొండాం కావాలంటే అడిగి తీసుకోవాలి. అంతే. ఇంటికొచ్చే దారిలో నేను కూడా ఆ పద్ధతే ప్రయత్నించి, నా పరీక్షల గురించి నాన్నగారి గోడు నేనే చెప్పేను. తొలిసారికే "అదే" అనేసేరు.

మర్నాడు తెల్లారి తోటలోంచి ఆడవాళ్ళ మాటలు వినిపించేయి. కర్ర పశువుల పాకలోకి చేరిపోయింది. అరుగు మీద కాఫీ తాగుతున్న నాన్నగారు నెమ్మదిగా కేకేసేరు.

"ఇవాళ ఏం చేపమ్మా?"