ఇంజన్ మార్చనివ్వని అన్నయ్యగారు

పోయిన సంచికలో మా అన్నయ్యగారి ఫొటో కింద 'హఠాన్మరణం' అని వేశారు. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన నలుగురం చదువుకునే చిన్న పత్రిక, సంపాదకులు మర్యాదస్తులు, పెద్ద తప్పేమీ కాదు. అయినా దిద్దక తప్పదు. ఆయన జన్మలో ఏ పనీ హఠాత్తుగా చేయలేదు. పోవడం మాత్రం హఠాత్తుగా పోయారంటే ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు. దానికీ ఏడాది పైనే తీసుకున్నారు.

అన్నయ్యగారంటే మా ఆడపడుచు భర్త. నేను పొద్దున డికాక్షన్ వేస్తుంటే కాకినాడ నుంచి వదిన ఫోన్ చేసింది. ఏడవడం లేదు. "ఆస్పత్రికి ఈ వారం వెళ్దామా, వచ్చే వారం వెళ్దామా అని రాత్రంతా నన్ను అడిగారు అమ్మాయ్. తెల్లారి కాఫీ ఇద్దామని వెళ్తే లేరు" అంది. నాకు ముందు కోపం వచ్చింది, తరవాత దుఃఖం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా వాటి వరస మారలేదు.

ఎనభైల మొదట్లో దుబాయ్ దేరా పేటలో ఒక పాత మేడ మీద రెండు కుటుంబాలం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మావారికి జెబెల్ అలీలో ఉద్యోగం. తెల్లారకముందే కంపెనీ బస్సు వచ్చి ఎక్కించుకుపోయేది. అన్నయ్యగారు షార్జాలో ఒక కంపెనీ స్టోర్స్ చూసేవారు. నేను ఎం.ఏ., బి.ఇడి. పట్టాలు పెట్టె అడుగున పెట్టుకుని చాలా ఏళ్ళు సాంబారు కాచాక, షార్జాలోనే ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికింది. నా చేతికి వచ్చిన మొదటి ఉద్యోగం. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానో, ఇంట్లో కూర్చుని చదువు మరిచిపోయిన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు.

రెండు కుటుంబాలూ కలిసి ఒక పాత జపాన్ స్టేషన్ వ్యాగన్ కొన్నాం. లైసెన్సు ఉన్నది అన్నయ్యగారికి ఒక్కరికే. మావారు ఆ పరీక్షకి ఎన్నిసార్లు వెళ్ళారో రాయను. ఆయన ఈ పత్రిక చదువుతారు. అందుకని రోజూ పొద్దున అన్నయ్యగారే నన్ను స్కూలు దగ్గర దింపి తన ఆఫీసుకి వెళ్ళేవారు.

ఆ ప్రయాణం ఒక క్రతువు. ఎక్కేముందు కారు చుట్టూ ఒకసారి తిరగాలి. దిగాక బానెట్ మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూడాలి. రేడియేటర్ మూత తీయాల్సి వస్తే ఒక పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి పట్టుకోవాలి, అదీ బండి పూర్తిగా చల్లబడ్డాక. "చల్లారనీ చెల్లెమ్మా, చల్లారాక చూద్దాం." బండికే కాదు, అన్నిటికీ అదే మాట. మావారూ నేనూ పోట్లాడుకుంటే అదే మాట. టీ ఇస్తే పక్కన పెట్టుకుని ఏదో ఆలోచిస్తూ అది చల్లారేదాకా ఆగి, మళ్ళీ కాచి ఇమ్మనేవారు. ఆయన కోసం కాచిన టీ కాక, తిరిగి కాచిన టీ నా ఆయుష్షులో ఎంతో లెక్క కట్టలేను.

కారుతో వచ్చిన పుస్తకాన్ని ఆ ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే. రేడియేటర్లో ఉత్త నీళ్ళు పోయకూడదు, పచ్చగా ఉండే కూలెంట్ కలిపి పోయాలని అందులో ఉంది. చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, వెళ్ళి కుళాయి నీళ్ళు పోశారు. మన గోదావరి జిల్లాల్లో లారీలన్నీ కాలవ నీళ్ళతోనే నడవలేదా అన్నారు. నడిచాయి. కాని దేరా కుళాయిలో గోదావరి రాదు కదా. మా మేడ మీద టాంకులోకి వచ్చేవి ఉప్పు నీళ్ళు, కందిపప్పు ఉడకని నీళ్ళు. తాగడానికీ వంటకీ వేరే కొనుక్కునేవాళ్ళం. పప్పుకి పనికిరాని నీళ్ళు ఇంజన్‌కి పనికొస్తాయా అని వంటింట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళలో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళం. అడగలేదు.

మే నెలలో ఒకరోజు షార్జా దారిలో బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఆయన బండి పక్కకి ఆపి, అలవాటుగా చెయ్యి ఆనించబోయి, చటుక్కున తీసేసుకున్నారు. నేను ఇస్త్రీ చీరలో, పరీక్ష పేపర్ల కట్టతో, ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డాను. ఆయన తువ్వాలు మడత పెట్టుకుని, చల్లారడం కోసం చూస్తున్నారు. ఆ వేళ మొదటి పీరియడ్ పోయింది.

బండిని షార్జాలో ఒక గారేజీకి లాగించారు. మెకానిక్ కడప నుంచి వచ్చిన సాయిబు. ఆయిల్ చూసే కడ్డీ పైకి తీసి మాకు చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ మీగడ కట్టిన కాఫీలా ఉంది. ఉప్పు నీళ్ళు లోపలి దారులన్నీ తినేశాయి, ఇంజన్ కాగిపోయి పైభాగం వంగింది, నీళ్ళు ఆయిల్లో కలిసిపోయాయి. రెండు మార్గాలన్నాడు. వంగిన హెడ్‌ని మిషన్ మీద సాపు చేయించి, దాని కింద కొత్త గాస్కెట్ పొర వేసి, లోపలంతా కడిగి మళ్ళీ బిగించడం ఒకటి. అది నిలుస్తుందో లేదో తను పూచీ పడడు. రెండోది, పాత సామాన్ల యార్డులో జపాన్ నుంచి దిగిన వాడిన ఇంజన్ ఒకటి ఉంది, అది తెచ్చి పెట్టేయడం.

మావారు మార్చేయమన్నారు. వదిన మార్చేయమంది. నేను ఆ క్షణమే మార్చేయమన్నాను. అన్నయ్యగారు ఆలోచిస్తానన్నారు.

ఆలోచించారు. ఆఫీసులో వాళ్ళని అడిగారు. క్షవరం చేసేవాణ్ణి అడిగారు. షార్జా వెళ్ళే షేరు టాక్సీలో పక్కన కూర్చున్న పఠాన్‌ని హిందీలో అడిగి, అతను మార్చమంటే, అతనికి కార్ల సంగతి తెలీదని తేల్చారు. రోజూ సాయంత్రం గారేజీకి వెళ్ళి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, విప్పి పెట్టిన ఇంజన్ మీద చెయ్యి వేసి చూసి వచ్చేవారు. నేనేమో పొద్దున ఆ ఉక్కలో షేరు టాక్సీ నిండేదాకా కూర్చుని, స్కూలుకి చేరేసరికి పిల్లలు ప్రార్థన ముగించి క్లాసుల్లో గోల చేస్తుండేవారు. మా హెడ్మిస్ట్రెస్ కేరళ ఆవిడ, గట్టి మనిషి. ఒక గురువారం నన్ను పిలిచి, శనివారం నుంచి మళ్ళీ మొదటి పీరియడ్ ఖాళీగా కనిపిస్తే వేరే టీచర్ని చూసుకుంటానని చెప్పేసింది.

ఆ సాయంత్రం నేనూ గారేజీకి వెళ్ళాను. మెకానిక్ మా ఇద్దర్నీ చూసి చేతులు తుడుచుకున్నాడు.

"ఏం సార్, ఎన్ని దినాలని పెట్టుకునేది ఈ బండిని? మా ముదీర్, అదే మేనేజరు, నన్ను తిడ్తాండాడు. యార్డు వాడు కూడా ఈ పొద్దు వరకే ఆగుతా అన్నాడు. ఇంజన్ మార్చుకుంటే రెండు దినాల్లో ఖలాస్. చెప్పండి."

శనివారం సంగతి అన్నయ్యగారికి నేను అప్పుడే, అక్కడే చెప్పాను. నా ఉద్యోగం ఆ యార్డులో ఉన్న ఇంజన్ మీద ఉందని చెప్పాను. ఆయన డబ్బా మీద కూర్చుని, విప్పిన ఇంజన్ మీద చెయ్యి వేశారు. తరవాత నాతో కాదు, ఇంజన్‌తో అన్నట్టు అన్నారు:

"దీని రోగం నా చేతుల మీద వచ్చింది, అందుకని నాకు తెలుసు. ఆ వచ్చేదాన్లో ఎవరు ఏ నీళ్ళు పోశారో తెలియాలంటే ఇంకో ఎండాకాలం పడుతుంది చెల్లెమ్మా. దీన్నే బాగుచేయిద్దాం."

అన్నాళ్ళూ ఆలోచించి, నిర్ణయం తీసుకోవాల్సిన ఒక్క పూటా తప్పు నిర్ణయం తీసుకున్నారనుకున్నాను. పైగా ఆ గాస్కెట్ ఊళ్ళో లేదు, తెప్పించాలి. నేను ఇంటికి వచ్చి ఆయనతో మాట్లాడడం మానేశాను. శుక్రవారం, అక్కడ సెలవురోజు, ఆయన పొద్దున్నే ఎటో వెళ్ళి వచ్చారు. మళ్ళీ గారేజీకే అనుకున్నాను. టీ అడగలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు.

శనివారం ఉద్యోగం వదులుకోవడానికి సిద్ధపడే వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ నా చేతిలో కొత్త టైంటేబుల్ పెట్టింది. నాకు మొదటి పీరియడ్ తీసేసి, సాయంత్రం చివరి పీరియడ్ ఇచ్చింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఏళ్ళ తరవాత నేను స్కూలు వదిలి ఇండియా వచ్చేసేటప్పుడు చెప్పింది. ఆ శుక్రవారం మా అన్నయ్యగారు టాక్సీలో ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళారట. కారు చెడగొట్టింది తను, టీచరుగారు కాదు, బండి వచ్చేదాకా ఆవిడకి మొదటి గంట తప్పించండి చాలు అన్నారట. ఆవిడ టీ ఇచ్చిందట. పొగలు కక్కే టీని నిలబడే తాగేసి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారట.

చల్లారనివ్వకుండా ఆయన చేసిన పని నాకు తెలిసి అదొక్కటే. బతికి ఉండగా ఆ సంగతి ఎత్తితే, తనకి గుర్తులేదనేవారు.

ఇక ఆ ఇంజన్. అది నడిచింది. నా అసలు ఫిర్యాదు అదే. అందరం ఖలాస్ అన్న ఇంజన్, ఆ తరవాత ఎన్నో ఎండాకాలాలు, మేం అందరం సామాన్లు కట్టుకుని వచ్చేసేదాకా నడిచింది. కుళాయి నీళ్ళు మళ్ళీ పోయలేదు లెండి, పచ్చ కూలెంట్ డబ్బా వెనక సీటు కింద పెట్టుకునేవారు. కొత్తగా వచ్చిన మన వాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి ఎంతమందిని ఆ బండిలో తెచ్చారో, ఈ పత్రిక చదివేవాళ్ళలోనే చాలామందికి గుర్తుండాలి. ఎక్కిన ప్రతివాళ్ళకీ ఇంజన్ కథ చెప్పేవారు. అందులో నేను తొందరపాటు మనిషిని.

కిందటేడు కాకినాడ డాక్టరు ఆయన గుండెలో ఒక కవాటం చెడిందన్నాడు. బాగుచేయొచ్చు, కుదరకపోతే మార్చొచ్చు, ఏదైనా త్వరగా తేల్చుకోండన్నాడు. అన్నయ్యగారు ఆలోచిస్తానన్నారు. వైజాగ్‌లో ఒకరిని అడిగారు, హైదరాబాదులో ఒకరిని అడిగారు. నేను ఫోన్ చేసి తిట్టినప్పుడల్లా ఇంజన్ కథ మొదలుపెట్టేవారు. అప్పుడూ మీరంతా ఇలాగే కంగారుపడ్డారు కదా అనేవారు. చివరికి ఒకసారి నేను అనేశాను:

"అన్నయ్యగారూ, ఆ ఇంజన్‌ని ఆపేసి, విప్పి పక్కన పెట్టి ఆలోచించారు. దీన్ని నడుపుతూ ఆలోచిస్తున్నారు."

"అదీ నిజమేనమ్మా. ఆలోచిస్తాను" అన్నారు.

ఆ గాస్కెట్ వారం తిరక్కుండా పగిలిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనిపిస్తోంది. నాతో పాటు బండెక్కిన మీకు ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి. ఆయన ఒక్కసారి ఓడిపోయి ఉంటే, ఈపాటికి కవాటం మార్పించుకుని, నా మీద కబుర్లు చెబుతూ, మళ్ళీ కాచిన టీ తాగుతుండేవారు.

కాకినాడలో ఉన్నవాళ్ళకి ఒక పని చెబుతున్నాను. ఆయన ఇప్పటి కారు పోర్టికోలో కదలకుండా ఉంది. ఈ నెలాఖరుకి అన్నయ్యగారి మేనల్లుడు వచ్చి వదినని ఆ కారులోనే విజయవాడ తీసుకెళ్తాడు. వాడికి స్టీరింగ్ తప్ప ఏమీ తెలీదు. మీలో ఎవరైనా ఒకరు వెళ్ళి, కాసేపు స్టార్ట్ చేసి, ఆపి, కూలెంట్ సరిపడా ఉందో లేదో చూడండి. పచ్చ డబ్బా వెనక సీటు కిందే ఉంటుంది, పక్కనే తువ్వాలు. బోరు నీళ్ళు పోయకండి. వదిన టీ ఇస్తే వేడిగా ఉండగానే తాగేయండి. మూతకి మాత్రం తొందరపడకండి. ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. కాలుతుంటే, అక్కడే మెట్టు పక్కన ఆయన కుర్చీ ఉంటుంది, కూర్చోండి.