పద్నాలుగు చెట్లను చంపిన గోల్డ్ మెడల్

గొడ్డలి ముట్టకుండా ఒక్క పూటలో పద్నాలుగు చెట్లను చంపిన ఘనత నాది. నమ్మరా? నేను పంపిన ఈమెయిలే సాక్ష్యం.

అప్పుడు నేను కాలిఫోర్నియాలో, ఉద్యోగానికి వీల్లేని హెచ్‌ఫోర్ వీసా మీద, మూడో ఏడు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఎమ్మెస్సీ బోటనీ గోల్డ్ మెడల్ సూట్‌కేసులో స్వెటర్ల కింద ఉండేది. పార్టీల్లో ఆంటీలందరిదీ ఒకటే పలకరింపు: "ఇంకా ఖాళీగానే ఉన్నావా అమ్మా?" కడుపు మండిపోయేది. చివరికి ఊరవతలి కొండల్లో మొక్కలను గమనించి రాసే వాలంటీర్ల గుంపులో చేరాను. దాన్ని నడిపే మార్తా రిటైరైన బోటనీ ప్రొఫెసర్. ఆవిడ సిఫారసు ఉత్తరం ఇస్తే పీహెచ్‌డీకి అప్లై చేయవచ్చు. నా ఆశంతా ఆ ఒక్క కాగితం మీదే.

ఆగస్టులో నాకు ఒక కొండవాలు అప్పగించారు. ఎండవైపు చపరాల్, అంటే మనిషి దూరలేని గట్టి పొదలు. నీడవైపు ఓక్ చెట్లు. ఏది ఎక్కడ, ఎలాంటి నేలలో ఉందో రాయడమే పని. ఓక్‌లు పచ్చగా ఉన్నాయి. వాటి మధ్య బకై అనే అక్కడి జాతి చెట్లు పద్నాలుగు మాత్రం ఒక్క ఆకు లేకుండా నిలబడ్డాయి. ఆగస్టంటే నా బుర్రలో శ్రావణమాసం, వానలు. వానల్లో మోడైన చెట్టు చచ్చిన చెట్టు కాక మరేమిటి? కొమ్మలకు కాయలు వేలాడుతుంటే "మరణానికి ముందు సంతానం కోసం చివరి ప్రయత్నం" అని రాశాను. నవ్వండి, పరవాలేదు. ఒక తెగులు కూడా కనిపెట్టి రెండు పేజీలు నింపాను.

మా ఆయన చూసి, "ష్యూరేనా? మార్తాగారిని ఓసారి అడిగి సెండ్ చెయ్యి" అన్నారు.

"గోల్డ్ మెడల్ మీదా, నాదా?" అని, గుంపులోని నలభై మందికీ పంపేశాను.

మర్నాడు మార్తా నన్ను అక్కడికే తీసుకెళ్ళి, బకై కొమ్మను గోటితో గీకారు. లోపల పచ్చగా, తడిగా ఉంది.

"ఇక్కడ వేసవిలో వానలుండవు. ఇది ఆకులు రాల్చేసి వాన కోసం ఆగుతుంది. మీ అడవుల్లో చెట్లు ఎండాకాలం ఆకు రాల్చవా?"

రాలుస్తాయి. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పదికి పది వచ్చాయి.

ఉత్తరం సంగతి నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఆ ఏడు అప్లికేషన్ గడువు దాటిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. మూడేళ్ళుగా జనం నాకు చేసిందే నేను ఆ చెట్లకు చేశాను.

అందుకే ఆ పద్నాలుగు చెట్ల సాక్షిగా ప్రమాణం చేశాను: గోటితో గీకి చూడకుండా ఇక దేన్నీ చచ్చిందని రాయను. ఖాళీగానే ఉన్నావా అని అడిగే ఆంటీలకు మాత్రం చెయ్యి చాపుతాను, గీకి చూసుకోమని.