యూరియా బొక్కెనలో కాలు

నా చిన్నప్పటి ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం మా మనవరాలు. రసాయన చర్యల్లో వేడి గురించిన పాఠాన్ని అది బట్టీ పడుతుంటే విన్నాను. ఆ పాఠం నాకు ముందు కాలికి తెలిసింది, ఆ తర్వాతే బుర్రకెక్కింది.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. మా జేజి, అంటే మా నాయన తల్లి, తన పెళ్లినాటి వెండి కడియాలను నా కాళ్లకు తొడిగింది. ఒకరోజు వరిమడి గట్టు మీద జారిపడ్డాను. ఇంటికి మోసుకొచ్చేసరికి చీలమండ వాచి, కడియం కండలోకి దిగిపోయింది. సబ్బు రాసి లాగినా రాలేదు. కోసేయాల్సిందేనని నాయన ఆకురాయి కోసం కంసాలి ఇంటికి బయలుదేరాడు. జేజి ముఖం చూడలేకపోయాను.

ఆమె మాత్రం ఏడవలేదు. పొలానికని తెచ్చిన యూరియాను దోసిళ్లతో బొక్కెన నీళ్లలో పోసి, అందులో నా కాలు పెట్టమంది. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. అంతకు కొద్దిరోజుల ముందే, గోడలకు వేయడానికి కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడకడం చూశాను.

“వద్దు జేజీ, కాలు ఉడికిపోతాది!”

“తెల్లగుండేదంతా సున్నమేనా మే? మీయమ్మ పెట్టే అన్నం గూడా సున్నమేనా?”

ముందు తన చెయ్యి ముంచింది. తర్వాత నా చెయ్యి పట్టి ముంచింది. జిల్లుమంది! అప్పుడు కాలు పెట్టాను. నీళ్ల చలువ తగ్గినప్పుడల్లా మళ్లీ యూరియా కలిపింది. నాయన ఆకురాయితో తిరిగొచ్చేసరికి వాపు కాస్త తీసింది. సబ్బు రాసి మెల్లగా తిప్పితే కడియం జారి జేజి ఒళ్లో పడింది.

“అది కాగుతాది, ఇది సల్లబడతాది. ఎందుకు జేజీ?”

“నాకేం తెల్సు మే. చేన్లో చేతికి తగిలింది చెప్తాండా. నువ్వు సదువుకోని నాకు చెప్పు.”

నా బడి చదువు ఏడో తరగతితోనే ఆగిపోయింది. పెళ్లయి నంద్యాలకు వచ్చాక గ్రంథాలయంలో ఒక్కొక్క పుస్తకమే చదువుతూ చివరికి జవాబు పట్టుకున్నాను. సున్నం నీటితో కలిసి కొత్త పదార్థంగా మారుతూ వేడిని బయటికి వదులుతుంది. యూరియా కరగాలంటే వేడి కావాలి, దాన్ని నీటి నుంచే లాక్కుంటుంది. మరుసటి రోజే బస్సెక్కి వెళ్లి జేజికి చెప్పాను.

ఆమె “అంటే సున్నం పెట్టే చెయ్యి, యూరియా గుంజుకునే చెయ్యి” అని, వీధిలోకి వెళ్లి, “మా పాప సొంతంగా సదివి చెప్పిందప్పా!” అని అందరికీ వినిపించేలా అరిచింది.

ఇప్పటికీ ఏ పుస్తకం ముగించినా, ఇది జేజి ముందు కూర్చుని చెప్పగలనా అని చూసుకుంటాను. చెప్పలేననిపిస్తే మళ్లీ మొదటి పేజీ తిప్పుతాను.