చిన్న గాలికి పెద్ద రెక్క

మొన్న ఆదివారం పొద్దున్నే చాయ్ తాగుతూ ఫోన్ తెరిచి చూస్తే, మా చుట్టాల గ్రూపులో మా వియ్యంకుడు, అంటే మా కోడలి తండ్రి, తన నీలం రంగు గాలి రెక్కనూ దాని పక్కన ఒక పొట్టి పలకనూ ఫొటో తీసి అమ్మకానికి పెట్టాడు. అది ఆయన ఇష్టం, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ దాని కింద "కొత్తగా నేర్చుకునేవారికి, మెల్లటి గాలికి ఎంతో అనువైనది" అని రాశాడు చూడండి, అక్కడ నాకు పొలమారింది. వయసు పైబడితే కోపాలు చల్లారతాయని మన ఈడువాళ్ళంతా అంటుంటారు. నా సంగతి చెప్పాలంటే చూపు మందగించింది, చెవులు మందగించాయి, పెట్టిన వస్తువు పెట్టినచోట కనబడడం మానేసింది, ఆ సామాను మీద కోపం మాత్రం నిన్ననే వచ్చినట్టు ఉంది.

మనలో చాలామందికి ఈ ఆట సంగతి తెలియదు కాబట్టి ముందు అది చెప్తాను. ఒక పలక మీద నిలబడతాం. పలక అడుగున నిటారుగా ఒక కమ్మీ, ఆ కమ్మీ చివర విమానానికి ఉన్నట్టు ఒక రెక్క నీళ్లలో మునిగి ఉంటాయి. చేతుల్లో మరో రెక్క, ఇది గుడ్డతో కుట్టి గాలి కొట్టినది, పట్టుకుని గాలికి ఎదురుపెడతాం. గాలి దాన్ని లాగితే పలక ముందుకు పరుగెడుతుంది, పరుగు అందుకున్నాక నీటి అడుగు రెక్క పలకను మూరెడు పైకి లేపుతుంది. లేచిన క్షణాన పలక కింద నీళ్ల చప్పుడు టక్కున ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం కోసమే మనుషులు ఇన్ని పాట్లు పడతారు. దీన్ని వింగ్ ఫాయిలింగ్ అంటారు.

మాది దేవరయాంజాల్. మేడ్చల్ సర్కారు బడిలో ఆటల పంతులమ్మగా పనిచేసి రిటైరై, కౌకూర్‌లో ఉంటున్నాను. పిల్లల చేత ఖోఖో, కబడ్డీ ఆడించడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది కానీ నేను ఆడింది లేదు, ఈల ఊదేవాళ్లకు ఆట ఎక్కడిది. రిటైరైన ఏడాదే మా అబ్బాయి పెళ్లి చేశాం. వియ్యంకుడు విశాఖపట్నంలో రేవు ఉద్యోగం చేసి, శామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని స్థిరపడిన మనిషి. మాట తియ్యన, మనసు కూడా మంచిదేనని మా వారు ఇప్పటికీ అంటారు, మా వారు ఎవరి గురించైనా అలాగే అంటారు. ఆయన తన కాలనీలో నలుగురైదుగురిని పోగుచేసి, కావలసిన అనుమతులు తెచ్చి, ఆదివారం ఆదివారం శామీర్‌పేట చెరువులో ఈ ఆట మొదలుపెట్టించాడు. చూడడానికి వెళ్లిన మొదటి రోజే నేనూ నేర్చుకుంటానన్నాను. జీవితమంతా గీత బయట నిలబడినదాన్ని, ఒక్కసారి గీత లోపలికి పోవాలనిపించింది.

ఆయన కాదనలేదు. "కొత్తవాళ్లకి, అందులోనూ ఆడవాళ్లకి, చిన్నదైతే తేలిగ్గా ఉంటుందండీ చెల్లెమ్మగారూ" అంటూ ఆ నీలం రెక్కనూ పొట్టి పలకనూ నా చేతికిచ్చాడు. నాకూ సబబుగానే తోచింది. మన ఇళ్లలో ఎప్పుడూ అంతే కదా, చిన్నవాళ్లకు చిన్న కంచం, చిన్న బిందె, వంట కొత్తగా నేర్చుకునే పిల్లకు చిన్న గిన్నె. ఇక చూడండి నా అవస్థ. ఆ పలక మీదికి ఎక్కితే అది నాతో సహా నీళ్ల కిందికి దిగిపోయేది. మా చెరువు మీద వీచే మెల్లటి గాలి ఆ చిన్న రెక్కకు ఏమాత్రం ఆనేది కాదు. ఎక్కడం, పడడం, ముక్కులో నీళ్లు, మళ్లీ ఎక్కడం. తప్పు నా వయసుదనుకున్నాను, ఒంటిదనుకున్నాను. సామాను నాకు సరిపడడం లేదేమోనని ఒకసారి నోరు తెరిచి అడిగితే, "ఆడలేక మద్దెల ఓడంటే ఎలాగండీ" అని ఆయన అనడం, గట్టు మీద ఉన్నవాళ్ళంతా నవ్వడం జరిగింది.

ఆ సాయంత్రమే నేను వరసగా పడిపోతున్న వీడియో, వెనకాల డప్పుల మోత కలిపి, మా చుట్టాల గ్రూపులోకి వచ్చింది. మా వైపు వాళ్లూ నవ్వారు, వాళ్ల వైపు వాళ్లూ నవ్వారు, పెళ్లినాడు కూడా రెండు వైపులవాళ్లు అంత కలిసికట్టుగా లేరు. మా కోడలు ఒక్కతే ఏమీ రాయలేదు, ఆ పిల్ల మీద నాకు అసలైన ఇష్టం ఆ రోజే కలిగింది. మా వారు నా ముఖం చూసి "ఏమైతది తియ్యి, సరదాకు పెట్టిండు" అన్నారు. ఆ సరదాకు నేను మూడు పూటలు అన్నం సరిగా తినలేకపోయాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మరుసటి ఆదివారం వియ్యంకుడు గుంపుకంతటికీ ఒక నియమం పెట్టాడు. చెరువు అవతలి వైపు నీళ్లలో సగం మునిగిన బండ ఒకటి ఉంది, దాన్ని చుట్టి తాడు సాయం లేకుండా తిరిగి రాగలిగినవాళ్లకే ఇకమీదట నీళ్లలో చోటు. కాపలాకు వెంట తిరిగే పడవ మనిషి విసిరే తాడు పట్టుకుని వచ్చినవాళ్లు ఏడాదిపాటు గట్టున కూర్చుని మిగతావాళ్ల టిఫిన్ డబ్బాలూ బండి తాళాలూ చూసుకోవాలి. భద్రత కోసమేనన్నాడు కానీ, అది ఎవరి కోసం కుట్టిన చొక్కానో అందరికీ తెలుసు. "గట్టున చల్లగా ఉంటుందండీ మీకు" అని నాతో అని, అంతలో జవహర్‌నగర్ చెత్తకుప్పల వాసన గుప్పుమంటే ముక్కు మూసుకుని, "మా వైజాగ్‌లో గాలంటే ఉప్పు గాలండీ, మీదీ ఒక గాలేనా" అన్నాడు. పాము పగ పాము పగ అంటారు గానీ, పంతులమ్మ పగ ముందు అదెంత. ఈ మనిషిని ఆ గట్టున, ఆ డబ్బాల మధ్య కూర్చోబెట్టకపోతే నా పేరు మార్చుకుంటానని అప్పుడే అనుకున్నాను.

ఆ వారంలోనే దేవరయాంజాల్‌లో ఏదో పనిబడి వెళ్తే, ఇప్పుడు పూడ్చేసిన మా వ్యవసాయ బావి ఉన్న చోట కాసేపు నిలబడ్డాను. మా బాపు అందులోనే ఊరి పిల్లలందరికీ ఈత నేర్పేవాడు. కొట్టంలో దూలానికి ఎండిన సొరకాయ బుర్రలు, పెద్దవీ చిన్నవీ, వేలాడుతుండేవి, వీపుకు బుర్ర కట్టి బావిలోకి దింపేవాడు. కొత్తగా దిగేవాళ్లకు అన్నింటికంటే పెద్దది కట్టి, ఈత వచ్చినకొద్దీ చిన్నది కట్టి, చివరికి ఏదీ లేకుండా వదిలేవాడు. పెద్ద బుర్ర కట్టుకోవడం మాకు మహా నామోషీ. నాకూ చిన్నదే కావాలని ఏడిస్తే బాపు, "ఈతొచ్చినోనికి చిన్న బుర్ర, రానోనికి పెద్దది గట్టాలె. సిగ్గు నిన్ను తేలుస్తదా బిడ్డా?" అన్నాడు. ఆ మాట గుర్తొచ్చి, పూడిన బావి ముందు ఒంటరిగా నిలబడి పైకే తిట్టాను. ఈత రానిదానికి చిన్న బుర్ర కట్టి బావిలోకి తోశాడు మా వియ్యంకుడు. తెలియక చేశాడో, తెలిసి చేశాడో నేను ఆరా తీయలేదు. తెలిసే చేశాడనుకుంటే కోపానికి బలం, అందుకని అలాగే అనుకున్నాను.

ఆపైన మా కోడలే నాకు తోడయింది. కన్నతండ్రికి వ్యతిరేకంగా కుట్ర అని తెలిసీ, సెలవు దొరికినప్పుడల్లా వారం మధ్యలో చెరువు దగ్గరికి తీసుకెళ్లేది. గుంపు సామాను దాచే కొట్టులో మూలన పడి ఉన్న, నేర్చుకునేవాళ్ల సామానని గుంపులో ఎవరూ నామోషీకి ముట్టని పలకలూ రెక్కలూ బయటికి తీసి ఒక్కొక్కటే ప్రయత్నించాను. పలక పెద్దది కావాలి, గాలి పూర్తిగా చచ్చిపోయినా దాని మీద మోకాళ్లపై కూర్చుంటే మునగకూడదు. ముందు బాగా వెడల్పుదొకటి తీశాను, అది మంచంలా కదలకుండా ఉంది కానీ పరుగెత్తనే లేదు, కాస్త పొడుగ్గా సన్నగా ఉన్నది మెల్లగాలికే జారిపోయింది. నీటి అడుగు రెక్క సంగతీ అంతే, చిన్నదైతే మస్తు వేగం అందుకుంటే తప్ప లేవదు, పెద్దది నడక వేగంలోనే లేస్తుంది. చేతి రెక్క దగ్గర మాత్రం నా అత్యాశ నన్ను ముంచింది. అన్నీ పెద్దవైతే ఇదీ పెద్దదేనని గుంపులో అందరికంటే పెద్దది పట్టాను, నేను పొట్టిదాన్ని, దాని అంచు నీళ్లకు తగిలి నన్నే బోర్లా పడేసింది. దానికంటే ఒక్క సైజు తక్కువది చేతికి కుదిరింది. కమ్మీ పొట్టిది ఎంచుకున్నాను, మా చెరువు అంచుల్లో లోతు తక్కువ, పొడుగు కమ్మీకి అడుగున నాచు చుట్టుకుంటుంది. ఇలా అన్నీ కుదిరాక నా సొంతానికి అవే తెప్పించుకున్నాను. గాలి చాలనప్పుడు ఊయల మీద నిలబడి కాళ్లతో ఊపు తెచ్చుకున్నట్టు పలకను తొక్కాలని కోడలే చూపించింది. మొదటిసారి నీళ్ల చప్పుడు ఆగిపోయినప్పుడు నేను ఏడ్చాను, ఎందుకో నాకే తెలియదు. ఒడ్డుకు వచ్చాక కోడలు మెల్లగా, "అత్తయ్యా, నాన్న సామాను నాన్న బరువుకి కూడా చిన్నదే. గాలి గట్టిగా ఉంటేనే లేస్తారు" అంది. ఆ పిల్ల నాకు కత్తి పిడి వైపు నుంచి అందించింది.

పరీక్ష ఎప్పుడు పెడదామని గుంపులో మాట వచ్చినప్పుడు, ఆషాఢపు గాలికి నేను తట్టుకోలేనని, కార్తీకంలో అయితే మెల్లగా ఉంటుందని, వీలైనంత దీనంగా అడిగాను. వియ్యంకుడు పెద్దమనసు చేసుకుని ఒప్పుకున్నాడు, ఆడవాళ్లకు మెల్లగాలే మంచిదని పదిమందికీ చెప్పాడు కూడా.

కార్తీకమాసంలో ఆ ఆదివారం చెరువు నిండుగా ఉంది, నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నాయి. అందరం పలకలు వేసుకుని దిగాం. నా పలకను చూసి వియ్యంకుడు "పెళ్లిపీటలా ఉందండీ" అని నవ్వాడు. నడిమధ్యకు చేరేసరికి ఉన్న కాస్త గాలీ పోయింది. మిగతావాళ్లు పలకల మీద బోర్లా పడుకుని తేలుతున్నారు, ఆయన మాత్రం ఆ పొట్టి పలకతో నడుం లోతు మునిగి, రెక్కను తల మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంటుంటే మెల్లగా వాసన తగిలింది. జవహర్‌నగర్ కంపు. ఆయన ముక్కు మూసుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను, ఎందుకంటే ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకు తెలుసు, గాలి అటునుంచి మళ్లిందంటే ముందు ముక్కుకే తెలుస్తుంది, నీళ్ల మీద గీతలు తరువాత వస్తాయి. రెక్క ఎత్తి పట్టేసరికి ఆ పల్చని గాలి వచ్చి దాన్ని నింపింది. రెండు తొక్కులు తొక్కాను, చప్పుడు ఆగిపోయింది. ఆయన పక్కనుంచే, మూరెడు ఎత్తున, చుక్క నీరు చిమ్మకుండా వెళ్లాను. బండను చుట్టి వచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఎక్కుతూ పడుతూ ఉన్నాడు. గాలి లేదండీ, గాలి లేదండీ అని పడవ మనిషితో అంటున్నాడు, అదే గాలి మీద నేను ఆయన చుట్టూ తిరుగుతున్నాను. మిగతావాళ్లు ఆలస్యంగానైనా చుట్టి వచ్చారు, ఆయనకు మాత్రం చివరికి తాడు విసరక తప్పలేదు.

"అన్నయ్యగారూ, గట్టిగ పట్టుకోండ్రి" అన్నాను. "ఆడలేక మద్దెల ఓడంటే ఎట్ల మరి?"

కోడలు గట్టు మీదనుంచి వీడియో తీసింది. గ్రూపులో పెట్టావా అని మీరు అడుగుతారు. పెట్టాను, చెప్పకేం. డప్పుల మోత కలపలేదు, తాడు పట్టుకున్న మనిషిని పడవ లాక్కొస్తుంటే వెనక మోత అక్కర్లేదు. మాట మీద నిలబడే మనిషి కాబట్టి ఆయన ఏడాదంతా గట్టున కూర్చున్నాడు. ప్రతి ఆదివారం నీళ్లలోంచి వచ్చి, తలైనా తుడుచుకోకుండా, నా ఉప్మా డబ్బా ఇలా ఇవ్వండని ఆయన్నే అడిగేదాన్ని. ఆ ఉప్మా రుచి నా జన్మలో మరే తిండికీ రాలేదు. మా వారు "ఇగ చాలు, వదిలెయ్" అని ఎన్నిసార్లో అన్నారు. నాకు చాలలేదు.

ఇప్పుడు ఆ చెరువు చుట్టూ ఎత్తైన ఇళ్లు లేచాయి, గాలి ఇదివరకులా తిన్నగా రాదు, ఎక్కడో తగిలి చీలి ముక్కలై వస్తుంది. గుంపులో ఒకరు ఉద్యోగమని, ఒకరు నడుమని తగ్గిపోయారు. వియ్యంకుడికి రెండు మోకాళ్లూ అరిగి ఆపరేషన్ అయింది, చేతికర్రతో నడుస్తున్నాడు. నేను ఇప్పటికీ ఆదివారం పోతాను. పలక లేచి చప్పుడు ఆగిన ప్రతిసారీ తల దానంతటదే గట్టు వైపు తిరుగుతుంది. ఎవరూ ఉండరు. ఎంత బాగా చుట్టి వచ్చినా కడుపు మండేవాడు ఒక్కడూ లేకపోతే చప్పగా ఉంటుందని ఈ వయసులో తెలుసుకున్నాను. మన కాలంలో పగ ఉన్నవాళ్లు ఎదురెదురుగా ఉండేవాళ్లు, పొద్దున లేస్తే ముఖం కనబడేది, ఇప్పుడు ఫోన్లో అక్షరాల మీద కోపం తెచ్చుకోవలసి వస్తోంది.

అందుకని ఆ అమ్మకం ఫొటో చూసిన వారంలోనే, శనివారం దేవరయాంజాల్ రామాలయానికి వెళ్లి, కోడలిని అడిగి ఆయన గోత్రం తెలుసుకుని, ఆయన మోకాళ్ల కోసం అర్చన చేయించాను. వియ్యంకుడంటే ఎంత అభిమానమమ్మా అని అయ్యగారు సంతోషపడ్డారు. నేనేమీ సరిదిద్దలేదు, ప్రసాదం కళ్లకద్దుకుని వచ్చేశాను. ఆ మనిషి ముందు లేచి నిలబడాలి. నిలబడితేనే కదా మళ్లీ పడగొట్టగలిగేది.