పంది తప్పిన తుపాకీ

మా మావకి డెబ్బై రెండేళ్లు. కళ్లలో శుక్లాలు, చేతుల్లో వణుకు. ఈ వయసులో ఒక తుపాకీ పుట్టు వంకరదని నిరూపించడం ఆయన జీవితాశయమైంది.

మలేషియాలో సుంగై సిపుట్ ఊరి అవతల ఉన్న షూటింగ్ క్లబ్బులో తుపాకుల గది చూసుకునేది ఆయనే. ముప్ఫై ఏళ్లుగా తుడవడం, నూనె పెట్టడం, సంతకం లేనిదే ఎవడికీ ఇవ్వకపోవడం ఆయన పని. ఆ క్లబ్బు ఏటా చేసే విందులో ఒక కథ చెబుతారు. రబ్బరు తోట దొర ఒకడు అడవిపందిని కొట్టబోతే తూటా దాని వీపు మీదుగా పోయిందట. తుపాకీ మోసే కూలివాడు దాన్ని ఏ చెట్టుకో గుద్ది గురి చెడగొట్టాడని దొర అక్కడికక్కడే వాడి చెంప పగలగొట్టి, వేట పనిలోంచి తీసేశాడట. విన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆ కూలివాడు మా తాత, మావకి కన్నతండ్రి. ఆ సంగతి క్లబ్బులో ఎవరికీ తెలియదు. మావ గుమ్మం దగ్గర నిలబడి ముప్ఫై విందుల నవ్వులు విన్నాడు.

ఈ ఏడు పాత తుపాకులన్నీ పోలీసులకు అప్పగించి కోయించెయ్యాలని కమిటీ తీర్మానించింది. దొర విసుగెత్తి క్లబ్బులో పడేసి పోయిన ఆ తుపాకీ కూడా అందులో ఉంది. మావ అధ్యక్షుడి దగ్గరికెళ్లి మొదటిసారి నోరు విప్పాడు. కోసేముందు ఒక్కసారి పేల్చి చూద్దాం, వంకర తుపాకీదేనని తేలితే ఈసారి విందులో మా అయ్య తప్పు లేదని చెప్పండి అన్నాడు. అధ్యక్షుడు టైర్ల వ్యాపారి, మంచివాడే. సరేనన్నాడు.

సాయానికి నన్ను పిలిచాడు మావ. నాకు ఇపో పట్నంలో కళ్లద్దాల దుకాణం ఉంది. క్లబ్బులో సభ్యత్వం కూడా ఉంది, గురి ఒక్కటే లేదు.

రిజిస్టరులో అది 'జపాన్ తుపాకీ'. యుద్ధంలో జపాన్ ఏలి పోయిన ఈ దేశంలో పాతబడి తుప్పుపట్టిందేదైనా జపాన్‌వాడిదే, వంతెనైనా బావైనా దెయ్యమైనా. నేను దుకాణంలోని భూతద్దం పట్టుకెళ్లి చూశాను. గొట్టం మొదట్లో బుల్లి కిరీటం, పక్కన ఇటలీలోని ఒక ఊరి పేరు. తూటాలు కూడా ఆరేసి చొప్పున రేకు బందుతో సహా మింగే రకం. దొర యుద్ధంలో ఇటలీ సైనికుల దగ్గర్నుంచి లాక్కుని తెచ్చుకున్నదై ఉంటుంది. ఇటలీ తుపాకీకి ఇంకో తిక్క ఉందని పుస్తకాల్లో చదివాను. గొట్టం చివరి మొనను వెనకున్న గాడి పైఅంచుకి సమంగా పెట్టి గురి చూస్తారు మామూలుగా. ఇటలీవాళ్లు మొనను గాడి అడుగున కూర్చోబెడతారు. దొరకి ఆ పద్ధతి తెలిసే ఉంటుంది, తుపాకీ ఆయనదే కదా.

అధ్యక్షుడు పర్మిట్ మీద సరైన తూటాలు తెప్పించాడు. మావ బల్ల ముందు కూర్చుని, తుపాకీని ఇసక సంచుల మీద ఆనించి, మొనను గాడి అడుగున పెట్టి ఐదు పేల్చాడు. ఐదూ జానెడు పైన పడ్డాయి.

“సూసినావా అల్లుడూ, సెప్పినానా లేదా లా,” అని మాట చివర మలాయి ‘లా’ తగిలించి, ఆయన నడుంనొప్పి మరిచిపోయి లేచాడు. ఆ ముఖం చూసి నాకూ కడుపు నిండింది.

అక్కడితో ఊరుకుంటే నా సొమ్మేం పోయేది? వృత్తి దోషం, భూతద్దం చేతిలో ఉంటే ఆగలేను. గాడిలో ఏదో పచ్చగా గట్టిపడి ఉంది. కళ్లజోళ్ల స్క్రూడ్రైవరుతో గీకితే పొడి రాలింది. వాసన చూశాను. గంధం.

మా ఇళ్లలో ఆయుధ పూజ నాడు గంధం, కుంకుమ పడని పనిముట్టు ఉండదు. కుట్టుమిషనుకి, మోటారుసైకిలుకి, నా అద్దాలు అరగదీసే మిషనుకి కూడా బొట్లే. తాత ఆ ఏడు దొర తుపాకీకీ పూజ చేశాడు. అందరూ కర్ర పిడి మీద పెడితే, ఆయన తుపాకీకి కన్ను ఇక్కడేనని గాడిలో పెట్టాడని అమ్మమ్మ గొప్పగా చెప్పేది. దేవుడి బొట్టు తుడిచేది ఎవరు? మర్నాడే వేట. గాడి అడుగు పైకి లేచింది, దొర మొనా పైకి లేచింది, పంది బతికిపోయింది. తర్వాత మావ కూడా అయ్య పెట్టిన చోటని ఏటా అక్కడే అద్దుతూ వచ్చాడు.

మావ బల్ల మీద కూలబడ్డాడు. “అయితే మా అయ్యే సేసినాడన్నమాట,” అన్నాడు.

నా భూతద్దాన్ని తీసుకెళ్లి పెరాక్ నదిలో పారెయ్యాలనిపించింది. గీకింది మళ్లీ పూసేద్దాం అన్నాను. జానెడు పైన పడ్డ కాగితం చేతిలో ఉంది, వారంలో తుపాకీ ముక్కలైపోతుంది, ఎవడికి తెలుస్తుంది? నా జన్మలో అంత తెలివైన సలహా ఎవరికీ ఇవ్వలేదు.

ఆయన నా చేతిలోని స్క్రూడ్రైవరు తీసుకుని, గాడంతా తనే శుభ్రం చేశాడు. ఇసక సంచుల మీదే ఆనించి మళ్లీ ఐదు పేల్చాడు. ఐదూ కాఫీ సాసరంత చోట, సరిగ్గా నడుమ పడ్డాయి. అప్పుడు ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

విందు రోజు ఆయన గుమ్మం దగ్గర నిలబడలేదు. రెండు కాగితాలూ పట్టుకుని లోపలికొచ్చి, ఆ కూలివాడి కొడుకుని నేనే అని మొదలుపెట్టి, గంధం సంగతితో సహా అంతా మలాయిలో చెప్పాడు. ఆ క్లబ్బులో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. అధ్యక్షుడు కళ్లు తుడుచుకున్నాడు. మావ కూర్చోలేదు. నవ్వులన్నీ ఆగేదాకా నిలబడి, ఇంకో మాట అన్నాడు. మా ఇంటి భాషలో అది ఇలా ఉంటుంది.

“తప్పు మా అయ్యదే. అయితే దొర కొట్టినాడు గానీ, ఏటి సేసినావురా అని ఒక్కమాట అడగనేదు. అడిగుంటే సెప్పీవోడు.”